తీర్పు చదవడం నేర్చుకుందాం – 4వ భాగం: ఆదేశంలో గడువు ఎక్కడుంది?

ఒక తీర్పులో న్యాయస్థానం వేసుకున్న ప్రశ్నను, దానికి చెప్పుకున్న సమాధానాన్ని విడదీసి గుర్తించడం గత భాగంలో సాధన చేశాం. అందుకు అమెరికా సుప్రీం కోర్టు 1954 మే 17న బ్రౌన్ వర్సెస్ బోర్డ్ ఆఫ్ ఎడ్యుకేషన్ కేసులో ఇచ్చిన తీర్పును తీసుకున్నాం. ప్రభుత్వ విద్యలో ‘వేరైనా సమానమే’ అన్న సిద్ధాంతానికి చోటు లేదనీ, జాతిని బట్టి వేరుచేసిన బడులు స్వభావరీత్యానే అసమానమైనవనీ ప్రధాన న్యాయమూర్తి ఎర్ల్ వారెన్ రాసిన వాక్యం దగ్గరికి రాగానే చాలామంది పాఠకులు తీర్పు పూర్తయినట్టే భావించి కాగితాలు పక్కన పెట్టేస్తారు. మొదటిసారి చదివినప్పుడు నేనూ అక్కడే ఆగిపోయాను. ఈ రోజు పాఠం ఆ వాక్యం తరువాత మొదలవుతుంది.

న్యాయసూత్రం వేరు, ఆదేశం వేరు. సూత్రం ఏది న్యాయమో చెబుతుంది. ఆదేశం ఎవరు, ఏ పని, ఎవరి కోసం, ఎప్పటిలోగా చేయాలో చెబుతుంది. ఏ తీర్పు చదివినా ఈ నాలుగింటి కోసం చివరి పేరాలను పెన్సిలు పట్టుకుని వెతకాలి. నాలుగింటిలో ఏ ఒక్కటి దొరకకపోయినా, ఆ ఖాళీని తరువాత ఎవరు, ఎలా నింపారో తెలుసుకునేదాకా ఆ తీర్పు వల్ల ఏం జరిగిందో మనకు తెలిసినట్టు కాదు.

ఈ పద్ధతిలో 1954 తీర్పు చివరి పేరా చదివి చూడండి. అందులో ఆదేశమే లేదు. స్థానిక పరిస్థితులు రకరకాలుగా ఉన్నందున ఉత్తర్వుల రూపకల్పన క్లిష్టమైన పని అని చెప్పి, కేసులను తిరిగి విచారణ జాబితాలో చేర్చి, పరిష్కారం ఎలా ఉండాలన్న ప్రశ్నలపై మళ్లీ వాదనలు వినిపించమని కోర్టు ఉభయ పక్షాలనూ కోరింది. అంటే అంత గొప్ప తీర్పు వెలువడిన మర్నాడు, ఆ తీర్పు ప్రకారం, ఒక్క నల్లజాతి పిల్లవాడినైనా చేర్చుకోవలసిన బాధ్యత ఏ బడి మీదా పడలేదు.

ఆదేశం 1955 మే 31న వచ్చింది. ఇది చాలా చిన్న తీర్పు, ఒకే విడతలో చదివేయవచ్చు. ఇందులోని కీలక వాక్యాన్ని విడగొట్టి చూద్దాం. ‘ఎవరు’ అన్నదానికి సమాధానం దిగువ ఫెడరల్ కోర్టులు. కావలసిన ఉత్తర్వులు ఇవ్వవలసింది అవే. ‘ఏ పని’ అంటే, జాతి వివక్ష లేకుండా ప్రభుత్వ బడుల్లో చేర్చుకునేలా చూడడం. ‘ఎవరి కోసం’ అన్నచోట తప్పకుండా గీత గీయండి: ‘ఈ కేసుల్లోని కక్షిదారులను’ అని ఉంది. కోర్టుకెక్కని ఊరి పిల్లలు తమ హక్కు కోసం మళ్లీ వేరే దావా వేసుకోవలసిన పరిస్థితి ఈ మూడు మాటల్లోంచే పుట్టింది.

ఇక ‘ఎప్పటిలోగా’. పిల్లల తరఫు న్యాయవాదులు, వారికి నాయకత్వం వహించిన థర్గుడ్ మార్షల్, ఖచ్చితమైన గడువు కావాలని అడిగారు. కోర్టు తేదీకి బదులు ‘ఆల్ డెలిబరేట్ స్పీడ్’ అన్న పదబంధాన్ని ఇచ్చింది. దీన్ని తెలుగులోకి తేవడానికి ప్రయత్నిస్తేనే అందులోని చిక్కు బయటపడుతుంది. డెలిబరేట్ అన్న మాటలో యోచన ఉంది, తొందరపడకపోవడమూ ఉంది. ‘ఆచితూచి వేసే అడుగుల వేగంతో’ అంటే అర్థం దగ్గరగా వస్తుంది. అయితే ఆచితూచి అడుగులు వేసేవాడు ఎంత వేగంగా నడవాలో ఎవరు చెప్పగలరు? న్యాయభాషలో ఇలాంటి విశేషణం ఎదురైనప్పుడు నిఘంటువులోని ఒక అర్థంతో సరిపెట్టుకోకుండా, ఆలస్యం కోరుకునేవాడు దాన్ని ఎలా చదువుతాడో కూడా ఊహించి చూడాలి.

అదే తీర్పులో దీనికి ఎదురు నిలిచే వాక్యాలు కూడా ఉన్నాయి, వాటిని విస్మరించడం అన్యాయమవుతుంది. అదనపు సమయం కావాలంటే దాని అవసరాన్ని నిరూపించే భారం ప్రతివాదులదే, అంటే బడులు నడిపే అధికారులదేననీ, సూత్రంతో ఏకీభవించనంత మాత్రాన దాన్ని నీరుగార్చడానికి వీల్లేదనీ కోర్టు స్పష్టంగా రాసింది. రెండు రకాల వాక్యాలకూ రెండు వేరువేరు గుర్తులు పెట్టుకోండి.

ఇప్పుడు కాగితం మీది మాట ఒక ఊళ్లో ఏమైందో చూద్దాం. వర్జీనియా రాష్ట్రంలోని ప్రిన్స్ ఎడ్వర్డ్ కౌంటీ (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది), ఫార్మ్‌విల్ పట్టణం. అక్కడ నల్లజాతి విద్యార్థులకున్న మోటన్ హైస్కూలును 180 మంది కోసం కట్టారు. 1950 నాటికి 450 మందికి పైగా చదువుతున్నారు. చోటు చాలక తారుకాగితం కప్పిన కొట్టాల వంటి గదుల్లో తరగతులు నడిపేవారు. 1951 ఏప్రిల్ 23న పదహారేళ్ల బార్బరా జాన్స్ నాయకత్వంలో విద్యార్థులు సమ్మెకు దిగారు. వారు మొదట అడిగింది మంచి భవనం. వేరుచేసే పద్ధతినే సవాలు చేసేటట్టయితేనే కేసు చేపడతామని న్యాయవాదులు చెప్పగా, నెల తిరిగేసరికి దావా పడింది. బ్రౌన్ తీర్పులో కలిపి విచారించిన కేసుల్లో అది ఒకటి.

కాబట్టి ఆ పిల్లలు ‘ఈ కేసుల్లోని కక్షిదారులే’. అయినా 1959లో, ఇక కలిపి చదివించక తప్పదని కోర్టు ఉత్తర్వు వచ్చినప్పుడు, కౌంటీ పాలకులు ప్రభుత్వ బడులకు నిధులివ్వడం మానేసి వాటిని పూర్తిగా మూసివేశారు. తెల్లజాతి పిల్లల కోసం ప్రైవేటు బడి వెలిసింది, దానికి ప్రభుత్వ ధనమూ పన్ను రాయితీలూ తోడ్పడ్డాయి. నల్లజాతి కుటుంబాల్లో కొందరు పిల్లలను వేరే ఊళ్లలోని బంధువుల ఇళ్లకు పంపారు. పంపలేని ఇళ్ల పిల్లలు చదువుకు దూరమయ్యారు. బడి మూత అయిదేళ్లు సాగింది. ఆరేళ్ల పిల్ల పదకొండేళ్లది అయ్యేంత కాలం అది.

1951లో మొదలైన ఆ వ్యాజ్యమే 1964లో గ్రిఫిన్ కేసు పేరుతో మళ్లీ సుప్రీం కోర్టుకు చేరింది. యోచన మరీ ఎక్కువైంది, వేగం చాలలేదు అని న్యాయమూర్తి హ్యూగో బ్లాక్ అందులో రాశారు. తొమ్మిదేళ్ల క్రితం తామే వాడిన రెండు పదాలను విడగొట్టి, దేనికది తూచి చూసిన వాక్యమిది. ఈ పాఠంలో మనం చేస్తున్న పని కూడా అదే. సమ్మె చేసిన విద్యార్థుల్లో ఎవరూ అప్పటికి బడి వయసులో లేరు.

సాధన కోసం 1968 నాటి గ్రీన్ తీర్పు తీసుకోండి. వర్జీనియాలోనే న్యూ కెంట్ కౌంటీలో రెండే బడులు, ఒకటి తెల్లజాతి పిల్లలది, మరొకటి నల్లజాతి పిల్లలది. ఎవరికి నచ్చిన బడి వారు ఎంచుకోవచ్చని బడులను నడిపే బోర్డు ప్రకటించింది. మూడేళ్లు గడిచినా నల్లజాతి బడిని ఎంచుకున్న తెల్లజాతి విద్యార్థి ఒక్కరూ లేరు, నల్లజాతి విద్యార్థుల్లో 85 శాతం పాత బడిలోనే ఉండిపోయారు. వాస్తవంగా పనిచేస్తుందన్న నమ్మకం కలిగించే, అదీ ఇప్పుడే పనిచేసే ప్రణాళికతో ముందుకు రావలసిన భారం బోర్డుదేనని కోర్టు చెప్పింది. ఆ వాక్యంలో ‘ఇప్పుడు’ అన్న పదం ఎక్కడ పడిందో చూసి, 1955 వాక్యాన్ని దాని పక్కన రాసుకోండి. తరువాత 1969 అక్టోబరు 29న అలెగ్జాండర్ కేసులో వచ్చిన చిన్న ఉత్తర్వును చదివి, నాలుగు ప్రశ్నలకూ సమాధానాలు మీ మాటల్లో రాయండి. గడువు తెలిపే పదాన్ని మాత్రం మూలంలో ఉన్నది ఉన్నట్టు దించుకోండి.