విమానాశ్రయ విస్తరణపై పర్యావరణ నివేదికను ఎలా పరిశీలించాలి

భోగాపురం వంటి తీర మండలంలో రన్‌వే పొడిగింపునకో, కొత్త టెర్మినల్‌కో ప్రతిపాదన వచ్చిందని తెలియగానే, 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ కింద అది ఏ కోవలోకి వస్తుందో కేంద్ర పర్యావరణ శాఖ వెబ్‌సైటైన పరివేష్ పోర్టల్‌లో చూడాలి. విస్తరణ పనుల్లో కొన్నింటికి ప్రజాభిప్రాయ సేకరణ నుంచి మినహాయింపు ఇస్తారు కనుక, సభ జరుగుతుందిలే అని ఊరుకోకూడదు.

సభ ఉంటే కనీసం 30 రోజుల ముందు పత్రికల్లో ప్రకటించాలి. ఆ గడువులో ముసాయిదా నివేదికను కలెక్టరేటు, జిల్లా పరిషత్తు, పంచాయతీ కార్యాలయాల్లో అందుబాటులో ఉంచి, సారాంశాన్ని తెలుగులోనూ ఇవ్వాలి. అయితే సారాంశంతో సరిపెట్టుకోవద్దు; అసలు సంగతులు పటాల్లోనూ పట్టికల్లోనూ ఉంటాయి.

ముందుగా నీటి అధ్యాయం చదవండి. మన విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో శబ్దం కన్నా ఇదే పెద్ద సమస్య అని నా గట్టి నమ్మకం, ఎందుకంటే రన్‌వే కోసం నేలను ఎత్తు చేస్తే ఎగువ నుంచి గెడ్డల్లోకి (వాగుల్లోకి), చెరువుల్లోకి దిగే వాననీటికి దారి మూసుకుపోతుంది. నివేదికలోని కొలతలు సాధారణంగా వర్షాకాలం కాని ఒక్క రుతువులోనే తీస్తారు. వేసవిలో ఎండిన గెడ్డను కొలిచినవారికి అక్టోబరు తుపానులో అది ఎవరి మడి మీదుగా పొర్లుతుందో కనిపించదు. కాబట్టి గ్రామ పటాన్ని నివేదికలోని కాంటూరు పటం (నేల ఎత్తుపల్లాలు చూపే పటం) పక్కన పరచి, ప్రతి చెరువునూ, మదుమునూ (తూమునూ), అలుగునూ సర్వే నంబరు వారీగా పోల్చండి. ఆపైన, “ఫలానా సర్వే నంబరులోని చెరువు అలుగు నీరు రన్‌వేను ఏ కల్వర్టు ద్వారా దాటుతుంది, దాని వెడల్పు ఎంత, ఎంత వానకు లెక్కగట్టారు?” అని రాతపూర్వకంగా అడగండి. ఇలా అడిగితే దాటవేయడం కష్టం.

శబ్దం విషయంలో రాత్రి విమానాల లెక్క, బడులు, ఆసుపత్రుల దూరం చూస్తే చాలు. పక్షుల సర్వే ఏ నెలల్లో జరిగిందో తప్పక చూడాలి. శ్రీకాకుళం జిల్లాలోని తేలినీలాపురానికి గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు వచ్చే కాలంలో కాక మరెప్పుడో లెక్కించిన సర్వే ఆ పక్షుల గురించి ఏమీ చెప్పదు.

సభకు కలెక్టరు గాని, అదనపు జిల్లా మేజిస్ట్రేటు స్థాయికి తగ్గని అధికారి గాని అధ్యక్షత వహిస్తారు. మొత్తం వీడియో తీస్తారు. చివర్లో మినిట్స్ (సభలో మాట్లాడినవాటి నమోదు) తెలుగులో చదివి వినిపించేదాకా ఉండి, మీ ప్రశ్న అందులో ఉందో లేదో సరిచూసుకోండి. మీ ప్రశ్నలు రాసి కాలుష్య నియంత్రణ మండలికి ఇచ్చిన లేఖకు రసీదు తీసుకోండి.

పర్యావరణ అనుమతి వచ్చాక అభ్యంతరం మిగిలితే 30 రోజుల్లో చెన్నైలోని జాతీయ హరిత ట్రిబ్యునల్ ధర్మాసనానికి అప్పీలు చేయవచ్చు. తగిన కారణం చూపితే మరో 60 రోజుల వరకు గడువు పొడిగిస్తారు. అనుమతిలోని షరతుల అమలుపై విమానాశ్రయ సంస్థ ఆరు నెలలకోసారి నివేదిక సమర్పించాలి కనుక, కల్వర్టుల షరతు ఎంతవరకు వచ్చిందో ఏటా తొలకరికి ముందే అందులో చూసి, పని ఆగి ఉంటే కలెక్టరుకు రాయండి.