తొలకరికి ముందు కారవాన్ వైరింగు ఒకసారి చూసుకోండి

మే నెలంతా ఎండలో నిలబెట్టిన బండిని నాలుగు చినుకులు పడగానే సూర్యలంకకో శ్రీశైలానికో తీస్తారు మనవాళ్లు. బయల్దేరే ముందు టైర్లు చూస్తారు, ఏసీ చూస్తారు, గ్యాస్ బండ చూస్తారు. వైరింగు జోలికి మాత్రం పోరు. లైట్లు వెలుగుతున్నాయిగా, ఇంకేం అంటారు. ఎల్ఈడీ లైటుకి ఒక ఆంపియర్ కూడా అక్కర్లేదు. ఊడిపోవడానికి సిద్ధంగా ఉన్న జాయింటు కూడా దాన్ని మోసేస్తుంది. అదే జాయింటు మీద ఇన్వర్టర్ తొంభై ఆంపియర్లు లాగినప్పుడు అసలు సంగతి బయటపడుతుంది.

తొంభై అనేది ఊరికే అన్నమాట కాదు. ఇంట్లో 230 వోల్టుల మీద 1000 వాట్ల మిక్సీ నాలుగైదు ఆంపియర్లతో తిరుగుతుంది. అదే పని 12 వోల్టుల బ్యాటరీ చేయాలంటే 83 ఆంపియర్లు, ఇన్వర్టర్ తినేది కలుపుకుంటే తొంభై దాటుతుంది. ఆ దారిలో ఒక్క లగ్గు, అంటే బోల్టుకి బిగించేందుకు వైరు చివర పెట్టే లోహపు కొస, వదులై, అక్కడ 0.01 ఓమ్ అడ్డు పడిందనుకోండి. లెక్కేస్తే ఆ ఒక్క నట్టు దగ్గరే 81 వాట్ల వేడి. టంకం పెట్టే ఇనుము 25 వాట్లతోనే సీసాన్ని కరిగిస్తుంది. కారవాన్లో మంట మొదలయ్యేది చాలాసార్లు వైరు మధ్యలో కాదు, వైరు చివర.

అందుకే విప్పకముందే ఒక పరీక్ష చేయండి. మల్టీమీటర్ని డీసీలో చిన్న రేంజికి పెట్టి, ఇన్వర్టర్ మీద పెద్ద లోడు నడుస్తుండగా ఒక మొన బ్యాటరీ పోస్టు మీద, రెండోది ఆ పోస్టుకి బిగించిన లగ్గు మీద ఆనించండి. సున్నాకి దగ్గరగా ఉండాలి. 0.2 వోల్టు చూపించినా ఆ జాయింటు చెడినట్టే. పైన చెప్పిన లగ్గయితే 0.9 చూపిస్తుంది. ఇలాగే మెయిన్ ఫ్యూజుకి అటూ ఇటూ ఉన్న బోల్టులు, ఐసోలేటర్ (బ్యాటరీని మొత్తంగా విడదీసే) స్విచ్, ఛాసిస్ ఎర్త్ (నెగటివ్ వైరు బండి ఇనుప చట్రానికి బిగిసే చోటు) ఒక్కొక్కటీ చూసుకుంటూ పోతే లోపం ఎక్కడుందో మీటరే చెబుతుంది.

ఇక విప్పే వరుస. బయటి కరెంటు ప్లగ్ పీకేయాలి, ఇన్వర్టర్ ఆపాలి. ఆపాక కూడా దాని లోపలి కెపాసిటర్లలో కాసేపు ఛార్జి ఉంటుంది కాబట్టి కొన్ని నిమిషాలు ఆగండి. పైన సోలార్ ఉంటే ముందు ప్యానెల్ వైపు స్విచ్ తీసేయాలి. బెజవాడ ఎండలో ప్యానెల్‌కి సెలవుండదు. ఆ తర్వాతే బ్యాటరీ, అందులోనూ ముందు నెగటివ్. పాజిటివ్ ముందు విప్పితే స్పానర్ బండి బాడీకి తగిలిందా, నిప్పులే. బిగించేటప్పుడు నెగటివ్ చివర. ఉంగరాలు, చేతి కడియాలు తీసి పక్కన పెట్టండి. లెడ్ యాసిడ్ బ్యాటరీ అయితే తలుపులు బార్లా తీసి గాలి ఆడనివ్వండి, ఛార్జింగప్పుడు వచ్చే హైడ్రోజన్ అక్కడే నిలిచి ఉండొచ్చు.

టెర్మినల్ మీద తెల్లగానో పచ్చగానో పొడి పట్టి ఉంటే, బ్యాటరీ మూతలు గట్టిగా ఉన్నాయో లేదో చూసి వంటసోడా కలిపిన నీళ్లతో బ్రష్షు పెట్టి రుద్దండి. పొడిగుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరాక బిగించండి. వాసెలిన్ రాసేది బిగించిన తర్వాతే, పైపైన. ఒకే బోల్టుకి నాలుగు లగ్గులు ఉంటే లావు వైరుది అడుగున రావాలి. వాషర్ అన్నిటికన్నా పైన ఉండాలి, లగ్గుల మధ్య కాదు. చాలా బళ్లలో ఇదే తప్పు కనబడుతుంది. వైరుని చేత్తో పట్టి గట్టిగా లాగి చూడండి. లగ్గు మెడ దగ్గర ఇన్సులేషన్ గట్టిపడి గోధుమరంగుకి తిరిగితే అది వేడెక్కిన గుర్తు. అక్కడ టేపు చుట్టి లాభం లేదు. కోసి, లోపల రాగి మెరుస్తూ ఉన్నచోటు దాకా వెళ్లి, కొత్త లగ్గు పెట్టి, లగ్గుని వైరు మీద నొక్కి బిగించే క్రింపింగ్ టూల్‌తో నొక్కించండి. కట్టింగ్ ప్లయర్‌తో నొక్కింది నొక్కడం కాదు. ఇంటికి వాడే ఒంటి తీగ వైరు కూడా బండిలో పనికిరాదు, కుదుపులకి లోపలే తెగుతుంది. సన్నతీగల వైరే వేయాలి.

బ్రేకు తొక్కితే ఇండికేటర్ మసకబారుతోందంటే ఎర్త్ చూడండి. పెయింటు మీదో తుప్పు మీదో బిగించి ఉంటారు. ఇనుము తెల్లగా కనబడేదాకా గీకి, పళ్ల వాషర్ వేసి బిగించి, ఆ పైన రంగు వేయండి.

ఫ్యూజు మాటిమాటికీ పోతోందని 15 తీసి 30 పెట్టడం కొరివితో తల గోక్కోవడమే. ఫ్యూజు ఉన్నది ఫ్రిజ్‌ని కాపాడ్డానికి కాదు, వైరుని కాపాడ్డానికి. మెయిన్ ఫ్యూజు కూడా బ్యాటరీకి వీలైనంత దగ్గరగా ఉండాలి.

230 వోల్టుల వైపు పని వచ్చినవాడికే ఇవ్వండి. ఆటోనగర్‌లో స్టార్టర్, ఆల్టర్నేటర్ కళ్లు మూసుకుని విప్పే మేస్త్రీలున్నారు. వాళ్ల చేతిమీద అనుమానం లేదు కానీ ఇది వేరే విద్య, లైసెన్సున్న ఇళ్ల ఎలక్ట్రీషియన్ చూడాల్సిందే. మీరు చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. కరెంటు లీకైతే సరఫరా తెంచేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ స్విచ్ మీద టెస్ట్ బటన్ నొక్కండి, ఠక్కున పడాలి. పడకపోతే ప్రయాణం వాయిదా. ప్లగ్ పిన్నులు చూడండి, ఒక్కటి నల్లబడినా ప్లగ్‌తోపాటు అది దూరే సాకెట్ కూడా మార్చాలి. ఎక్స్‌టెన్షన్ వైరుని చుట్టగా ఉంచి ఏసీ వేయకండి, మొత్తం విప్పి పరవండి. రిసార్టులో ప్లగ్ పెట్టాక తడినేల మీద నిలబడి బండి తలుపు ముట్టుకుంటే జివ్వుమందంటే అది చిన్న విషయం కాదు. ఇంకెవర్నీ బండిని తాకనివ్వకుండా అక్కడి మెయిన్ ఆపించి, ఎర్త్ సరిచేసేదాకా మళ్లీ పెట్టకండి.

వాన కోసం చూడాల్సింది పైకప్పు. సోలార్ వైరు దిగే రంధ్రం దగ్గర రబ్బరు ఎండకి పగిలి ఉంటుంది. కొత్త గ్లాండ్ (వైరు చుట్టూ నీళ్లు దూరకుండా బిగించే బిరడా) వేయించి, వైరు లోపలికి వెళ్లే ముందు కాస్త కిందికి వేలాడేట్టు వంచండి, నీళ్లు ఆ వంపులోంచే కారిపోతాయి. నెలలు నిలిచిన బండి అయితే సీట్ల కింద ఎలుకలు కొరికాయేమో టార్చి వేసి చూడండి.

సెకండ్‌హ్యాండ్‌లో కొనేవాళ్లకి ఇంకొక్క మాట. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి బెజవాడ సింగ్ నగర్ రోజుల తరబడి నీళ్లలో ఉన్నప్పుడు ఎన్నో బళ్లు మునిగాయి. కడిగి, పాలిష్ పెట్టి అమ్మితే పైకి తెలియదు. సీటు బెల్టు చివరిదాకా లాగండి, బురద చార ఉందేమో. డ్యాష్‌బోర్డు కింద ఒక కనెక్టర్ ఊడదీయండి. పిన్నుల మీద పచ్చటి చిలుము కనబడితే అది వైరు లోపలికీ పాకి ఉంటుంది, తుడిస్తే పోదు. హార్నెస్ (బండిలోని వైర్ల కట్ట) మొత్తం మార్చేందుకు ఎంతవుతుందో ముందు అడిగి, అది తగ్గించి బేరం ఆడండి.