కొంగల్ని బెదరగొట్టకుండా సందర్శక కేంద్రం కట్టడం ఎలా?

శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు ఊళ్లోని చెట్ల మీదే గూళ్లు పెడతాయి. మేతకు నౌపడ చిత్తడి నేలల వైపు వెళ్లొస్తాయి. ఇలాంటి చోట ప్లాన్ గీసే ముందు ఒక సీజనంతా, అంటే సెప్టెంబరు నుంచి మార్చి దాకా, చూడటమే మొదటి పని. ఏ చెట్టు మీద గూళ్లున్నాయో, ఏ దారిన ఎగురుతున్నాయో కాగితం మీద గుర్తుపెట్టుకోండి. ఊరి పెద్దల్ని అడిగితే సగం పని అక్కడే తెములుతుంది.

స్థలం గూళ్లకు దూరంగా, రోడ్డు పక్కన చూడండి. కార్లు, బస్సులు అక్కడే ఆగిపోవాలి. అక్కణ్నుంచి నడకే. పక్షుల్ని చూసే చోటు గూళ్లకు తూర్పున ఉంటే పొద్దున్నే ఎండ కళ్లలో పడదు. ముందు తాటాకు తడిక కట్టి, పెద్దలకొక ఎత్తులో, పిల్లలకొక ఎత్తులో కంతలు వదలండి. పెద్ద అద్దాలు వద్దు. వాటిలో ఆకాశం కనబడి పక్షులు వచ్చి గుద్దుకుంటాయి.

ఇక కట్టడం. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను తీరం దాటింది ఈ జిల్లాలోనే. ఆ ఏడు నీళ్లు ఎంతవరకు వచ్చాయో ఊళ్లో కనుక్కుని, బేస్‌మెంట్ అంతకన్నా పైకి లేపండి. ఆకారానికి ఎక్కడికో వెళ్లక్కర్లేదు, మన చుట్టిల్లు ఉంది. గుండ్రటి గోడకి గాలి పక్కల నుంచి జారిపోతుంది. పని ఏప్రిల్‌లో మొదలుపెట్టి వానల్లోపు ముగించాలి. భూగర్భజలం పైపైనే ఉండే నేల కాబట్టి మరుగుదొడ్డికి ఇంకుడు గుంత పనికిరాదు, లీకేజీ లేని ట్యాంకు కట్టి బండితో తోడించాలి.

లోపల గోడ నిండా బోర్డులు పెడితే ఎవరూ చదవరు. నేనూ చదవను! ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచికి వచ్చే నత్తగుల్ల కొంగనే తీసుకోండి. దాని ముక్కు మూసినా మధ్యలో సందు ఉంటుంది. పిల్లలకు పుట్టుకతో ఆ సందు ఉండదు, పెరిగేకొద్దీ వస్తుంది. వడ్రంగి చేత రెండు చెక్క ముక్కులు చేయించండి, ఒకటి సందుతో, ఒకటి లేకుండా. పొలంలో ఏరిన నత్తగుల్లలు నీళ్ల తొట్టిలో వేసి, ఏ ముక్కుకి దొరుకుతుందో తేల్చుకోమని బడిపిల్లలకు ఇవ్వండి. గుల్ల జారి తొట్టిలో పడ్డప్పుడల్లా నవ్వులే నవ్వులు.

చివరగా, టెక్కలి దగ్గర హైవే మలుపులో ఒక నల్లబల్ల పెట్టించండి. రోజూ పొద్దున్నే సుద్దముక్కతో ‘పక్షులు ఉన్నాయి’ లేదా ‘వెళ్లిపోయాయి’ అని రాయించండి. మే నెల ఎండలో పిల్లాపాపలతో వచ్చి ఖాళీ గూళ్లు చూసి తిట్టుకునేవాళ్లు తగ్గుతారు.