చిన్న జంతువుల వేటకు బైనాక్యులర్ ఎంచుకోవడం

కుందేలు, ఉడుత వంటి వాటి వేటలో దూరం తక్కువ. పొదల్లో చెవి కదలినా పసిగట్టడమే అసలు పని. అందుకే 12 రెట్ల పెంపుకు ఆశపడకండి. పెంపు పెరిగేకొద్దీ చేతి వణుకు ఎక్కువగా కనిపిస్తుంది, కనిపించే మేర సాధారణంగా కుంచించుకుపోతుంది. 8×32 లేదా 8×42 చాలు. జూమ్ రకాల జోలికి అసలు పోవద్దు.

మొదటి అంకె ఎన్ని రెట్ల పెంపో చెబుతుంది; రెండో అంకె ముందు లెన్సు వ్యాసం, మిల్లీమీటర్లలో. దాన్ని మొదటి అంకెతో భాగిస్తే కంటికి చేరే కాంతి వలయం వెడల్పు తెలుస్తుంది: 8×42కి 5.25, 8×32కి 4, జేబులో పట్టే 8×21కి 2.6. మునిమాపు వేళ ఈ తేడా కొట్టొచ్చినట్టు తెలుస్తుంది. రోజంతా నడిచేవారికి మాత్రం తేలికైన 8×32 నయం.

కళ్లద్దాలు పెట్టుకునేవారు ఐ రిలీఫ్ (బొమ్మ మొత్తం కనిపిస్తూనే కంటివైపు లెన్సు నుంచి కన్ను ఎంత దూరంలో ఉండొచ్చో ఆ కొలత) కనీసం 15 మి.మీ. ఉందో లేదో చూడాలి. లోపల ఆవిరి పట్టకుండా నైట్రోజన్ నింపినదే తీసుకోండి.

కొనేముందు కుడి లెన్సు మూసి, మధ్య చక్రంతో ఎడమ కంటికి ఫోకస్ చేయండి. తర్వాత ఎడమది మూసి, బొమ్మ స్పష్టంగా కనిపించేదాకా కుడి ఐపీస్, అంటే కంటివైపు లెన్సు, రింగు తిప్పండి (కొన్నింటిలో ఈ రింగు వేరే చోట ఉంటుంది). ఇప్పుడు రెండు కళ్లతో చూస్తే బొమ్మ రెండుగా కనిపించినా, కళ్లు లాగినా గొట్టాలు ఒకే వరుసలో లేవన్నమాట. అది వద్దు, ఎంత చవకైనా.