మెడలో నొప్పిలేని బిళ్ళ తగిలితే

గోదావరి లంకల్లో గొంతు క్యాన్సర్ అనగానే అందరూ చుట్టనే తిడతారు. తప్పేం లేదు. పొగాకు, వక్క, మద్యం ఇప్పటికీ పెద్ద దోషులు. కానీ చుట్ట ముట్టనివాళ్ళకూ వస్తోందంటే వైరస్‌ల సంగతీ చూడాలి. హెచ్‌పీవీ (హ్యూమన్ పాపిలోమా వైరస్)లో 16వ రకం టాన్సిల్స్‌లో, నాలుక మొదట్లో క్యాన్సర్ తేగలదు. ఈబీవీ (ఎప్‌స్టీన్-బార్ వైరస్) అనే ఇంకో వైరస్ క్యాన్సర్ తెచ్చేది ముక్కు వెనక భాగంలో. సోకిన అందరికీ జబ్బు రాదు. హెచ్‌పీవీ చాలామందిలో ఒకటి రెండేళ్ళలో దానంతటదే పోతుంది. ఏళ్ళ తరబడి తిష్ఠ వేసిందే ప్రమాదం.

ఈ చోట్లు అద్దంలో సరిగా కనబడవు. చాలాసార్లు మొదట తెలిసేది మెడలో బిళ్ళగానే. అందుకని మెడ తడిమి చూసుకోవాలి. గడ్డం కాస్త దించి, మూడు వేళ్ళ మెత్తని భాగంతో చెవి కింద మొదలుపెట్టి, దవడ మూల మీదుగా కాలర్ ఎముక దాకా రండి. ఒక పక్క అయ్యాకే రెండోది. రెండు పక్కలా ఒకేసారి నొక్కితే కళ్ళు తిరగొచ్చు. దవడ కింద రెండు వైపులా సమానంగా మెత్తగా తగిలేవి లాలాజల గ్రంథులు, కంగారొద్దు.

జలుబుకు కట్టిన బిళ్ళ నొప్పెడుతుంది, తగ్గిపోతుంది. నొప్పి లేకుండా రెండు వారాలు దాటినా ఉంటే ఈఎన్‌టీ డాక్టరుకు చూపించాల్సిందే. గవదబిళ్ళలని పట్టు వేయడం, ఆర్‌ఎంపీ దగ్గర కోర్సు మీద కోర్సు యాంటీబయాటిక్ మింగడం: నెలలు పోయేది ఇక్కడే. హెచ్‌పీవీ గడ్డ ఒక్కోసారి నీటిబుడగలా మెత్తగా ఉండి మోసం చేస్తుంది. గొంతు ఎండోస్కోపీ, సూది పరీక్ష (సన్న సూదితో గడ్డలోంచి కణాలు తీసి చూడడం) కాకుండా గడ్డను కోయించుకోవద్దు. తర్వాత చికిత్స చిక్కవుతుంది. గొంతులో క్యాన్సర్ తేలితే పరీక్షకు తీసిన ముక్క మీద పీ16 పరీక్ష (హెచ్‌పీవీ వల్ల వచ్చిందేమో తెలిపేది) చేశారా అని అడగండి. హెచ్‌పీవీ వల్ల వచ్చిన గొంతు క్యాన్సర్ చికిత్సకు మెరుగ్గా లొంగుతుంది.

పెద్దవాళ్ళలో జలుబు లేకుండా ఒకే చెవి దిబ్బడ, చీమిడిలో రక్తం కనిపిస్తే ముక్కు వెనక చూడమనండి.

ఈబీవీకి టీకా లేదు. హెచ్‌పీవీకి ఉంది, మగపిల్లలకూ వేయించవచ్చు. 9–14 ఏళ్ళకు 6 నెలల తేడాతో 2 డోసులు. 15 నిండితే మొదటి రోజు, 2వ నెల, 6వ నెల కలిపి 3. అప్పటికే సోకిన వైరస్‌ను టీకా పోగొట్టదు, కాబట్టి చిన్నప్పుడే మేలు. సూది వేయించాక 15 నిమిషాలు కూర్చోబెట్టండి. ఈ వయసు పిల్లలకు కళ్ళు తిరగడం మామూలే.