పాత మెయిళ్లు: ముందు దాచండి, ఆనక ఊడ్చండి

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు మనవాళ్ల ఇన్‌బాక్సులో రెండు రాష్ట్రాల కాగితాలు కలిసిపోయి ఉంటాయి. ఒడిశా స్కాలర్‌షిప్ దరఖాస్తు ఒకటి, విశాఖ కాలేజీ ఫీజు రసీదు ఒకటి, మధ్యలో వేలకొద్దీ షాపింగ్ ఆఫర్లు. జీమెయిల్ ఉచితంగా ఇచ్చే 15 జీబీలోనే డ్రైవ్, ఫొటోలు కూడా సర్దుకోవాలి. అది నిండితే కొత్త మెయిల్ రాదు. హాల్‌టికెట్ పంపినా వెనక్కి పోతుంది.

ఈ పనికి కంప్యూటర్ ముందు కూర్చోండి, ఫోన్‌లో తెమలదు.

మొదట దాచుకోవలసినవి వేరు చేయండి. లేబుళ్లు, అంటే మెయిల్‌కు తగిలించే పేరుచీటీలు, నాలుగు చాలు: ఒడిశా, ఆంధ్ర, బ్యాంకు, చదువు. (తెలుగులోనే పెట్టుకోవచ్చు.) ఇరవై పెడితే ఏది ఎందులో వేశామో మనకే గుర్తుండదు. వెతికేటప్పుడు ఊరి పేరును నమ్ముకోకండి. మనకది బరంపురం. ఒక ఆఫీసు బెర్హంపూర్ అని రాస్తుంది, ఇంకొకటి బ్రహ్మపుర్ అంటుంది. ఒడియా లిపిలో ఉన్న మాట ఇంగ్లీషు అక్షరాలు కొడితే దొరకదు. పంపినవారి అడ్రసుతో వెతికితే ఈ గొడవే లేదు. దొరికినవాటికి లేబుల్ పెట్టి ఆర్కైవ్ నొక్కండి. మెయిల్ ఎక్కడికీ పోదు, ఇన్‌బాక్సు వదిలి 'ఆల్ మెయిల్'లో ఉంటుంది. దీనివల్ల జాగా మాత్రం మిగలదు.

ఇక ఊడ్పు. సెర్చ్ పెట్టె కుడి కొసన ఉన్న గుర్తు నొక్కితే చిన్న ఫారం తెరుచుకుంటుంది. సైజు 5 ఎంబీ కంటే ఎక్కువ అనీ, అడుగున ఎక్కడ వెతకాలన్న చోట 'ఇన్‌బాక్స్' అనీ పెట్టండి. ఆ రెండోది మరిచిపోతే ఆర్కైవ్ చేసి దాచినవీ వలలో పడతాయి. 20 ఎంబీ పెళ్లి ఫొటోల మెయిల్ ఒక్కటి తీస్తే కొన్ని వందల ఆఫర్లు తీసినంత జాగా వస్తుంది, అందుకే పెద్దవాటితో మొదలుపెట్టాలి. తర్వాత ఆఫర్లు చేరే ప్రమోషన్స్ ట్యాబ్. పైన గడిలో టిక్ పెడితే ఆ పేజీలోవి, మామూలుగా 50, మాత్రమే ఎంపికవుతాయి. వెంటనే పైన కనబడే లైను నొక్కితేనే మొత్తం వస్తాయి.

ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడ: ఒక మెయిల్‌నూ దానికి వచ్చిన జవాబులనూ జీమెయిల్ ఒక కట్టగా చూపిస్తుంది. పాత మెయిల్ తీసేద్దామని కట్టకు టిక్ పెడితే కొత్త జవాబూ దాంతోపాటే పోతుంది. సెట్టింగ్స్‌లో జనరల్ కింద 'కన్వర్సేషన్ వ్యూ' ఆఫ్ చేసి, పేజీ అడుగుదాకా వెళ్లి సేవ్ నొక్కండి. సేవ్ నొక్కకపోతే ఏదీ మారదు.

తీసేసినవి ట్రాష్‌లో 30 రోజులుంటాయి, అన్నాళ్లూ జాగా తింటూనే ఉంటాయి. ఒకసారి తిరగేసి చూసి ఖాళీ చేయండి.

సర్టిఫికెట్లను పెన్‌డ్రైవ్‌లోకీ దించి, ఫైలు పేరులో ఎవరిదో, ఏ ఏడాదిదో రాయండి. ఈ-ఆధార్ పీడీఎఫ్ పాస్‌వర్డ్ అడిగితే, పేరులో మొదటి నాలుగు ఇంగ్లీషు పెద్ద అక్షరాలు, వెంటనే పుట్టిన సంవత్సరం కొట్టాలి.