నాటు కోళ్ల పెంపకం – 7వ పాఠం: రోడ్డు పక్క ఇంట్లో కోళ్లను కాపాడుకోవడం

గత పాఠంలో కొక్కెర తెగులు టీకాల గురించి చెప్పుకున్నాం. టీకాలు వేయించి, నులిపురుగుల మందు తాగించి, ఆరేడు నెలలు సాకిన పెట్ట సరిగ్గా గుడ్లకు వచ్చే వేళకు బండి కింద పడితే ఆ బాధ పెంచినవాళ్లకే తెలుస్తుంది. మన ఊళ్లలో ఇళ్లు ఎక్కువగా రోడ్డును ఆనుకునే ఉంటాయి. మట్టి బాటలు తారు రోడ్లూ సీసీ రోడ్లూ అయ్యాయి, బండ్ల వేగం పెరిగింది. కోడి తిరిగే తీరు మాత్రం మారలేదు. అందుకే ఈ పాఠం మొత్తం దీనికే కేటాయిస్తున్నాను. ఇది కోళ్ల ప్రాణాల సంగతి మాత్రమే కాదు. కోడి అడ్డం వచ్చిందని బ్రేకు కొట్టి బైకు మీంచి పడేవాళ్లు ఉంటారు. వెనక సీట్లో పసిపిల్లతో కూర్చున్న తల్లి ఉండొచ్చు. మన కోడిని అదుపులో పెట్టుకోవడం మన బాధ్యత.

ముందుగా ఒక మాట గట్టిగా పట్టుకోండి. కోడి రోడ్డు మీదికి ఊరికే పోదు. అక్కడ దానికి కావలసినది ఏదో దొరుకుతోంది కాబట్టే పోతుంది. అదేమిటో తెలుసుకుని, దాన్ని పెరట్లోనే దొరికేలా చేయడం ఈ పాఠంలో మీరు నేర్చుకోవలసిన విద్య. కంచె తర్వాతి మాట. కోరిక తీరని కోడి ఎంత మంచి కంచెకైనా సందు వెతుకుతుంది.

గమనించడం

ఒక ఉదయం కోళ్లను వదిలాక, రోడ్డు కనిపించే చోట కాగితం, పెన్నుతో కూర్చోండి. ఏ కోడి ఎప్పుడు రోడ్డెక్కింది, అక్కడ ఏం చేసింది, ఎటు నుంచి తిరిగొచ్చింది రాసుకోండి. గింజలు ఏరిందా, రాళ్లు ఏరిందా, మట్టిలో పొర్లిందా, పురుగుల కోసం గీకిందా? ముఖ్యంగా పుంజు మీద కన్నేసి ఉంచండి. గింజ కనబడగానే కొక్కొక్కొ అంటూ పెట్టల్ని పిలవడం పుంజు స్వభావం. అది రోడ్డు దాటి పిలిచిందంటే మంద మొత్తం దాటుతుంది. చాలా ఇళ్లలో పుంజు అలవాటు మారిస్తే సగం సమస్య తీరిపోతుంది.

ఇంకొక సంగతి కూడా మీకే కనిపిస్తుంది. మన ఇంటి వైపు రోడ్డంచున మేసే కోడి బండి వస్తే ఇంట్లోకి పరుగెత్తి బతికిపోతుంది. అవతలి వైపున్న కోడి కూడా బెదిరితే ఇంటి వైపుకే, తోటి కోళ్ల వైపుకే పరుగు తీస్తుంది. అంటే సరిగ్గా బండికి అడ్డంగా. కోడికి కళ్లు తలకు రెండు పక్కలా ఉంటాయి. చుట్టూ చాలా మేర చూడగలదు గానీ, బండి ఎంత వేగంగా మీదికి వస్తోందో అంచనా కట్టలేదు. కాబట్టి మీ కాగితంలో "అవతలి వైపు" అని రాసుకున్నవన్నీ ఎర్ర సిరాతో గుర్తు పెట్టండి. మన పని అక్కడి నుంచే మొదలవ్వాలి.

రోడ్డు మీద కోడిని చూసి ఇంటి గుమ్మంలోంచి హుష్ అని రాయి విసిరేవాళ్లున్నారు. దయచేసి అలా చేయకండి. అది అవతలికి పారిపోతుంది, తర్వాత భయంతో తిరిగొస్తుంది. మీరే బండ్లు చూసుకుని రోడ్డు దాటి, కోడికి అవతలగా నిలబడి, చేతులు చాచి మెల్లగా ఇంటి వైపు తోలాలి.

రోడ్డు ఇచ్చేది పెరట్లో ఇవ్వడం

గింజలతో మొదలుపెడదాం. కోతల కాలంలో వడ్లు, మొక్కజొన్న రోడ్డు మీదే ఆరబోస్తారు. మిగతా రోజుల్లో ట్రాక్టర్ల నుంచి రాలినవి ఉంటాయి. ఇంటి ముందు అంట్లు తోమే చోటు ఉంటే మెతుకులు కాలవలో కొట్టుకుపోయి రోడ్డు పక్కన తేలతాయి. ఈ చివరిది చాలామంది పట్టించుకోరు గానీ, రోజూ కోడిని ముందుకు లాగేది ఇదే. అంట్ల చోటు వెనక్కి మార్చండి. మార్చలేకపోతే కాలవ మొదట్లో ఒక జల్లెడ అడ్డం పెట్టి, మెతుకులు తీసి పెరట్లో వేయండి. కోళ్లకు నూకలు ఎప్పుడూ ఇంటి ముందు చల్లకూడదు. పొద్దున వదలగానే పెరటి చివర ఒక గుప్పెడు చల్లండి. సాయంత్రం ఒక్కో కోడికి 30, 40 గ్రాములు అక్కడే వేయండి. వేసే ముందు రోజూ ఒకే పిలుపు పిలవండి, లేదా ఒక రేకు డబ్బా కొట్టండి. పది పదిహేను రోజుల్లో ఆ చప్పుడుకు మంద ఎక్కడున్నా పరుగెత్తుకొస్తుంది. ఈ అలవాటు చేసిన ఇల్లు ఆపదలో కోళ్లను నిమిషంలో వెనక్కి రప్పించుకోగలదు. ఒక్క జాగ్రత్త, కోళ్లు రోడ్డుకు అవతల ఉన్నప్పుడు డబ్బా కొట్టకండి.

రోడ్డు మీద వడ్లు ఆరబోసే రెండు మూడు వారాలు కోళ్లను బయటికి వదలకుండా పెరట్లోనే మేపడం మేలు. పక్కవాళ్ల ధాన్యం మన కోళ్లు తింటే వచ్చే మాటామాటా కూడా ఉండదు.

తర్వాత రాళ్లు. కోడికి పళ్లు లేవు. కందనకాయలో చేరిన చిన్న రాళ్లే గింజను నలుగగొడతాయి. రోడ్డంచున కంకర పొడి కావలసినంత ఉంటుంది, అందుకే అక్కడ తల వంచి ఏరుతూ బండిని చూసుకోదు. జొన్న గింజంత, పెసర గింజంత గరుకు ఇసుక ఒక పాత మూకుడులో పోసి పెరట్లో పెట్టండి. గుడ్లు పెట్టే పెట్టలకు పక్కనే మరో మూకుడులో ఆల్చిప్పల పొడి పెట్టండి. రెండూ కలపకండి, దేనికి కావలసింది అది తింటుంది.

దుమ్ము స్నానం గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి. పేలు, గోమార్లు వదిలించుకోవడానికి కోడి పొడి మట్టిలో పొర్లుతుంది. పొర్లేటప్పుడు కళ్లు సగం మూసుకుని, రెక్కలు చాపి, ఒళ్లు మరిచి ఉంటుంది. రోడ్డు పక్క బండ్ల చక్రాలకు నలిగిన మెత్తటి దుమ్ము దానికి ఎంతో ఇష్టం. అక్కడ పొర్లే కోడికి లేచి పరుగెత్తే వ్యవధి కూడా ఉండదు. పెరట్లో మూడడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, అడుగు లోతు గుంట తీయండి. పొడి మట్టి, ఇసుక, పొయ్యి బూడిద కలిపి నింపండి. పైన రేకో తాటాకో వేసి వాన పడకుండా చూడండి. తడిస్తే కోళ్లు దాన్ని వదిలేసి మళ్లీ రోడ్డుకే పోతాయి. వానాకాలంలో ఇది మరీ ముఖ్యం.

వానాకాలంలోనే ఇంకొకటి. తొలకరి తర్వాత వీధి దీపం కింద ఉసిళ్లు కుప్పలుగా రాలతాయి. తెల్లవారగానే కోళ్లు నేరుగా అక్కడికే పోతాయి. అలాంటి పొద్దున గూడు తలుపు తీయకముందే చీపురు, చేట తీసుకెళ్లి ఉసిళ్లు ఊడ్చుకొచ్చి పెరట్లో పోయండి. మంచి మాంసకృత్తులు, ఉచితంగా. మిగతా రోజుల్లో పాత కుండలో తడిపిన పిడకలు, గడ్డి కుక్కి చెదపుట్ట దగ్గర బోర్లిస్తే ఒకటి రెండు రోజుల్లో చెదలు పడతాయి. కోడిపిల్లలకు అంతకన్నా ఇష్టమైన మేత లేదు.

కంచె, రెక్క

ఇల్లంతా చుట్టే కంచె డబ్బుతో కూడిన పని. ముందు రోడ్డు వైపు కట్టండి. రెండు చివర్లా లోపలికి పదిహేను ఇరవై అడుగులు మలపండి, లేకపోతే కంచె వెంబడే నడిచి చివర నుంచి బయటపడతాయి. పాత చేపల వల, వెదురు తడిక, జీఐ వల ఏదైనా పనికొస్తుంది. ఎత్తు ఐదడుగులు ఉండాలి. పైన కర్ర గానీ పైపు గానీ అడ్డంగా పెట్టకండి. కోడి ముందు దాని మీదికి ఎగిరి వాలి, తర్వాత అవతలికి దూకుతుంది. పై అంచు వదులుగా వేలాడే వల అయితే వాలడానికి ఆధారం దొరకదు. అడుగు భాగాన రెండడుగుల మేర పాత చీరో షేడ్ నెట్టో కట్టండి. రోడ్డు కనిపించకపోతే దాని మీద ధ్యాస తగ్గుతుంది, పిల్లలు కన్నాల్లోంచి దూరవు. గేటు కింద సందుకు పాత టైరు ముక్క వేలాడదీయండి.

పచ్చి కంచె వేయాలనుకుంటే గోరింట, వాక మంచివి. గన్నేరు, అడవి ఆముదం విషపు మొక్కలు, కోళ్లు తిరిగే చోట వద్దు. గుబురుగా ఎదిగేదాకా వల తప్పదు.

రెక్క కత్తిరించడం గురించి చాలామంది అడుగుతారు. రాజేంద్రనగర్ కోళ్ల పరిశోధన సంస్థ రూపొందించిన వనరాజ లాంటి బరువైన కోళ్లకు ఇది సాధారణంగా అక్కర్లేదు, అవి ఎక్కువ ఎగరవు. నాటు పెట్టలు మాత్రం కంచె దాటేస్తాయి. అలాంటి వాటికి ఒక్క రెక్కే, చివరి పొడవాటి ఈకలు పదింటిని సగానికి కత్తిరించాలి. కాడలో రక్తం కనిపించే కొత్త ఈకను ముట్టుకోకూడదు, చాలా రక్తం పోతుంది. ఈకలు రాల్చి కొత్తవి వచ్చాక మళ్లీ కత్తిరించాలి. నా మట్టుకు నేను దీన్ని మంద మొత్తానికి చేయమనను. కుక్క తరిమితే ఎగిరి తప్పించుకునే దారి మనమే మూసినట్టవుతుంది. మాటిమాటికీ దాటే ఒకటి రెండు పెట్టలకు చాలు.

గోదావరి జిల్లాల్లో పుంజును కాలికి తాడు కట్టి మేకుకు కట్టే పద్ధతి ఉంది. నీడ, నీళ్లు అందేలా ఉంటే పుంజుకు పరవాలేదు. పెట్టలకు వద్దు, తాడు చిక్కుపడి కాలు విరుగుతుంది.

వేళ

స్కూలు ఆటోలు, బస్సులు, పనికి పోయే బండ్లు పొద్దున ఎనిమిది, తొమ్మిది మధ్య ఎక్కువ. కోళ్లను ఆ తర్వాత వదలండి. పెట్టలు ఎక్కువగా ఉదయమే గుడ్లు పెడతాయి కాబట్టి గుడ్లు కూడా గూట్లోనే దొరుకుతాయి, పొదల్లో వెతికే టెన్షన్ ఉండదు. సాయంత్రం చీకటి పడకముందే మేత వేసి లోపలికి తేవాలి. మసకలో కోడికి చూపు సరిగా ఆనదు. రోడ్డు అవతలి చెట్టు మీద పడుకునే అలవాటున్న కోళ్లు రోజూ సరిగ్గా ఆ వేళకే రోడ్డు దాటుతాయి. వాటిని వారం పది రోజులు గూట్లోనే మూసి ఉంచితే పడక మారుతుంది. సంతలో కొన్న కొత్త కోళ్లకూ ఇదే నియమం. ఇల్లు ఏదో తెలియని కోడి బెదిరితే ఎటు పరుగెత్తాలో తెలియక రోడ్డు మీద తిరుగుతుంది.

తల్లికోడి సంగతి వేరు. పిల్లలు మొదటి నాలుగు వారాలు పెరట్లో గంప కింద ఉండాలి. రోజూ కొంతసేపు మీరు దగ్గరుండి తిప్పండి. తల్లి రోడ్డు దాటాక వెనకబడిన పిల్ల కీచుమంటుంది, తల్లి వెనక్కి తిరుగుతుంది, ఇద్దరూ రోడ్డు మధ్యలో ఉంటారు.

దెబ్బ తగిలితే

రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో అదిమి పట్టండి. గాలి ఆడే అట్టపెట్టెలో, చీకటిగా, చప్పుడు లేని చోట ఉంచండి. నోట్లో నీళ్లు పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. నీళ్లు ముందు పెడితే అదే తాగుతుంది. తల మీది ఎర్ర జుట్టు తెల్లగా పాలిపోతుంటే లోపల రక్తస్రావం అయి ఉండొచ్చు, ఆలస్యం చేయకుండా పశువైద్యశాలకు తీసుకెళ్లండి. చనిపోతే వెంటనే రోడ్డు మీంచి తీసి పాతిపెట్టండి. దాని కోసం కుక్కలు చేరితే మరో ప్రమాదం జరుగుతుంది.

బండ్లు మరీ వేగంగా పోయే చోట ఎవరికి వారు రోడ్డు మీద మట్టి దిమ్మెలు, స్పీడ్ బ్రేకర్లు కట్టకూడదు. రాత్రి పూట అవి మనుషులనే పడేస్తాయి. నలుగురూ కలిసి పంచాయతీకి అర్జీ పెట్టండి. రోడ్డు పంచాయతీరాజ్‌దా, ఆర్ అండ్ బీదా చూసి వాళ్లే పంపిస్తారు.

ఈ వారం పని: గమనించిన కాగితం తయారు చేయండి. అవతలి వైపు కోళ్లను లాగుతున్న కారణాల్లో ఒకదాన్ని ఎంచుకుని పెరట్లో దాని ఏర్పాటు చేయండి. నాలుగు రోజుల తర్వాత అదే వేళకు మళ్లీ కూర్చుని లెక్క రాసుకోండి. రెండు కాగితాలూ దాచిపెట్టండి, 8వ పాఠంలో ముంగిసలు, పిల్లుల నుంచి గూటిని కాపాడుకునే పద్ధతులు నేర్చుకునేటప్పుడు కోళ్లు తిరిగే దారులు మళ్లీ చూడాల్సి వస్తుంది.